నాలుగిళ్ళ అప్పడాలు, ఒక ఇంగ్లీషు మాట

ఆర్.కె. పురం, న్యూఢిల్లీ
24 మే 1979

గౌరీ,

ఒకసారి బయటికి వచ్చి ఆకాశం వంక చూడు. అప్పడాలేమైనా ఎగురుతున్నాయా? లేదు కదా. అయితే రాజమండ్రి క్షేమమే. ఇక్కడ మాత్రం పోయిన శనివారం సాయంత్రం అప్పడాలు ఎగిరాయి. వాటి మూలంగా మా బాబాయికి గవర్నమెంటు ఇచ్చిన క్వార్టరు పోయేలా ఉంది.

మొదటినుంచీ చెబుతాను. నేను బి.ఏ. కోసం నాగభూషణం బాబాయి ఇంట్లో ఉంటున్నానని నీకు తెలుసు. మా దుర్గాంబ పిన్ని గురించే ఎప్పుడూ సరిగ్గా రాయలేదు. ఏటా మే నెలలో పిన్ని, చుట్టుపక్కల క్వార్టర్లలోని ఇంకో ముగ్గురు తెలుగువాళ్ళు కలిసి ఏడాదికి సరిపడా అప్పడాలు ఒత్తుకుంటారు. కరీంనగర్ కాంతమ్మగారు, అనంతపురం నాగేంద్రమ్మగారు, మనవైపే అయిన హనుమాయమ్మగారు. ఎవరి పిండి వాళ్ళింట్లో కలిపి దంచుకుంటారు. ఒత్తడానికి మాత్రం అందరూ మా మేడ మీదికే చేరతారు, మాది పై అంతస్తు కాబట్టి. ఒకరి పిండి అయ్యాక ఇంకొకరిది. పని కంటే మాటలు ఎక్కువ.

“గంత పలచగ జేస్తే నూనెల ఏస్తె కరిగిపోతది, జర మందంగ ఉండనియ్యి” అంటారు కాంతమ్మగారు.

“అప్పడమంటే దాని గుండా మొగుని మొకం కనపడల్ల వదినా” అని నాగేంద్రమ్మగారు.

“ఆ మొకం దినాం జూస్తనే ఉన్న గద, అప్పడంలగూడ ఎందుకు?”

అలా నవ్వుకుంటూ పొద్దువాలే వేళకి పాత చీరల మీద నాలుగిళ్ళ అప్పడాలూ ఆరబెట్టారు. అప్పుడొచ్చింది ఆంధీ. అంటే ఢిల్లీ ఎండాకాలంలో చెప్పాపెట్టకుండా వచ్చే దుమ్ముగాలి. కళ్ళు మూసి తెరిచేలోగా చీరలు పిట్టగోడ దాటాయి, అప్పడాలు రోడ్డెక్కాయి. సరిగ్గా ఆ సమయానికే ఒక ఇన్‌స్పెక్టరు, ఎవరైనా క్వార్టరును వేరేవాళ్ళకి అద్దెకిచ్చారేమోనని తనిఖీ చేయడానికి స్కూటరు మీద వస్తున్నాడు. ఒక అప్పడం వెళ్ళి ఆయన మొహాన అతుక్కుంది.

దాన్ని చేత్తో పట్టుకునే ఆయన మేడెక్కాడు. కర్రలూ పీటలూ చూసి “యే ఫ్యాక్టరీ ఆప్‌కీ హై?” అన్నాడు, ఈ ఫ్యాక్టరీ మీదేనా అని. హిందీ సగమే అర్థమయ్యే మా పిన్ని, మెచ్చుకుంటున్నాడనుకొని “హాఁ జీ, బహుత్ అచ్ఛా హై, లీజియే” అంటూ ఒక పొట్లం కూడా కట్టి ఇచ్చింది!

నిన్న నోటీసు వచ్చింది. ఈ క్వార్టరులో పాపడ్లు, అంటే మన అప్పడాలే, మాన్యుఫ్యాక్చర్ చేస్తున్నట్టు కనిపెట్టారట. నివాసానికి ఇచ్చిన ఇంట్లో వ్యాపారం గానీ మాన్యుఫ్యాక్చర్ గానీ చేయకూడదట. కేటాయింపు ఎందుకు రద్దు చేయకూడదో జవాబివ్వాలట. ఇల్లు పోతే బాబాయి వాళ్ళు ఏ జనక్‌పురి అవతలో ఒక గది చూసుకోవాలి. అందులో నాకు చోటుండదు. అంటే నా చదువు కూడా ఆ నోటీసులోనే ఉంది.

అయినా నాకు భయం లేదు. దరియాగంజ్ ఫుట్‌పాత్ మీద కొన్న లావుపాటి డిక్షనరీ నా దగ్గరుంది. రాత్రి అందులో మాన్యుఫ్యాక్చర్ అనే మాట తీశాను. లాటిన్‌లో చెయ్యి అనే మాట, చేయడం అనే మాట కలిసి పుట్టిందట. చేత్తో చేయడం! ఇంత ఇనపచప్పుడు చేసే మాట కడుపులో ఒక మనిషి చెయ్యి దాగి ఉందంటే నాకు ఒళ్ళు పులకరించింది. జవాబు నేనే రాస్తానని బాబాయితో చెప్పాను. చూస్తూ ఉండు.

నీ
అరుంధతి


రాజమండ్రి
2 జూన్ 1979

అరుంధతీ,

నీ ఉత్తరం చదివి మా అమ్మ పడీపడీ నవ్వింది. “ఆ పిన్నిగారు పొట్లం కట్టి ఇవ్వడం ఏమిటే, చెక్కుచెదరని మర్యాద!” అంది.

నువ్వు పులకరించిన మాట నేను రోజూ టైపు కొట్టే మాట. మా పెంకుల ఫ్యాక్టరీ ఉత్తరాల మీద పైనే ఉంటుంది, పెంకుల మాన్యుఫ్యాక్చరర్లు అని. పొద్దుట ఎనిమిదింటి నుంచి సాయంత్రం దాకా దాన్ని కొట్టీ కొట్టీ నా మిషన్లో ఎం అక్షరం అరిగిపోయింది. నాకు ఒక్కసారి కూడా ఒళ్ళు పులకరించలేదు. మాటలకు వేళ్ళు తవ్వి చూసే తీరిక కాలేజీ పిల్లలకుంటుంది. ఇంటర్‌తో ఆగిపోయినవాళ్ళకి ఉండదు.

జవాబు పంపే ముందు పెద్దవాళ్ళెవరికైనా చూపించు. ఆఫీసువాళ్ళు మనలా చదవరు. నా టైపు మిషన్ మీద ఒట్టు.

గౌరి


ఆర్.కె. పురం
14 జూన్ 1979

గౌరీ,

ఇక్కడ ఎండలు చెప్పలేను. కూజాలో నీళ్ళు కూడా వేడిగానే ఉంటున్నాయి. వానలు ఈ నెలాఖరుకి వస్తాయంటున్నారు. రాజమండ్రిలో గోదారికి కొత్తనీళ్ళు వచ్చాయా?

ఈ వారం నేర్చుకున్న మాటలు చాలా ఉన్నాయి. నేత నేసేవాడికి ఇంగ్లీషులో ఒకటి, ఇల్లు కట్టేవాడికి ఒకటి, కత్తి సాగగొట్టేవాడికి ఇంకొకటి. ఒక్కో చేతిపనికీ ఒక్కో మాట ఉంది. మళ్ళీ ఎప్పుడైనా వివరంగా రాస్తాను.

జవాబు పంపాం. చక్కగా రాశావని బాబాయి అన్నారు. పిన్ని కులాసా. అమ్మగారికి నమస్కారాలు.

అరుంధతి


రాజమండ్రి
21 జూన్ 1979

అరుంధతీ,

తొమ్మిదో క్లాసులో నా జామెట్రీ బాక్సు పోగొట్టిన రోజున కూడా నువ్వు నాతో గోదారి నీళ్ళ గురించే మాట్లాడావు.

ఏమైంది?

గౌరి


ఆర్.కె. పురం
28 జూన్ 1979

గౌరీ,

అంతా నా వల్లే అయింది.

నా జవాబులో ఏం రాశానో తెలుసా? మా ఇంట్లో మిషన్లు లేవు, ఆడవాళ్ళు చేతులతో ఒత్తుకుంటారు అని రాశాను. అక్కడితో ఆపినా బాగుండేది. ఆపలేదు. అసలు మాన్యుఫ్యాక్చర్ అనే మాటకు మూలార్థమే చేతితో చేయడమనీ, లాటిన్ నుంచి వచ్చిందనీ ఒక పేరా మొత్తం రాశాను. నా పాండిత్యం చూసి ఆఫీసరు ముచ్చటపడి ఫైలు మూసేస్తాడనుకున్నాను. బాబాయి మంచి ఇంగ్లీషు అని మురిసిపోయి సంతకం పెట్టారు.

తిరుగు జవాబు వచ్చింది. పాపడ్లు చేతితో చేసినట్టు మీరే ఒప్పుకున్నారు, చేతితో చేయడమే మాన్యుఫ్యాక్చర్ అని కూడా మీరే రాశారు, కాబట్టి ఆరోపణ రుజువైనట్టే కనబడుతోంది, జూలై పంతొమ్మిదిన భార్యాభర్తలిద్దరూ విచారణకి వచ్చి చెప్పుకోవలసింది ఏదైనా ఉంటే చెప్పుకోండి అని. నా డిక్షనరీ పేరాని వాళ్ళు అక్షరం పొల్లుపోకుండా ఎత్తిరాశారు.

బాబాయి కోప్పడి ఉంటే నయంగా ఉండేది. కాగితం మడిచి, “ఉన్న సంగతి నాలుగు ముక్కల్లో రాస్తే పోయేదేమోనమ్మా” అన్నారు, అంతే. ఆఫీసులో అందరూ ఆయనకి ఒకటే సలహా ఇస్తున్నారట, క్షమాపణ రాసి పడేయండి నాగభూషణ్ సాబ్ అని. నిన్న రాత్రి భోజనాల దగ్గర ఆ మాట ఎత్తారు.

“ఇకముందు ఇలా జరగదని రాసేస్తానే దుర్గా.”

“ఏం జరగదని?”

“అదే... అప్పడాలు.”

“తప్పు చెయ్యకుండా తప్పయిందని ఎందుకు రాయాలండీ? రాశారనుకోండి, వచ్చే ఏడు నేను అప్పడాల కర్ర పట్టుకోవాలంటే తలుపు గడియ పెట్టుకోవాలా?”

“ఇల్లు పోతే ఏ తలుపుకి పెడతావు గడియ?”

పిన్ని కంచం తీసుకుని లేచిపోయింది. క్షమాపణ రాస్తే వదిలేస్తామని మాత్రం ఎవరూ మాటివ్వలేదు గౌరీ. అది ఒప్పుకోలు కింద వేసుకుని ఇల్లు తీసేసుకుంటే?

మిగతా ముగ్గురూ మా ఇంటికి రావడం మానేశారు. తమ మూలంగా మాకు ఇంకేం తంటా వస్తుందోనని. నిన్న మదర్ డెయిరీ పాల బూతు దగ్గర కాంతమ్మగారు కనబడి, “ఏంది బిడ్డా, అప్పడం జేసుకునుడు గూడ నేరమైతదా ఈ ఊర్ల?” అన్నారు. నేను పాలు పట్టుకుని గబగబా ఇంటికొచ్చేశాను.

నీకు ఇదివరకే రాయలేదు. సిగ్గేసింది. నువ్వు పెద్దవాళ్ళకి చూపించమన్నావు కూడా.

అరుంధతి


రాజమండ్రి
5 జూలై 1979

అరూ,

ఏడుపు చాలు. ముఖం కడుక్కుని ఇది చదువు.

మా ఇంటిపేరు గుర్రాల. మా తాతముత్తాతల్లో ఎవరికో గుర్రాలుండేవట. ఇవాళ మా ఇంట్లో గుర్రం ఉందా? సైకిలు కూడా లేదు. రేపు ఎవరైనా వచ్చి, మీ ఇంటిపేరు గుర్రాల కాబట్టి పెరట్లో గుర్రాన్ని దాచారు అని నోటీసు ఇస్తే ఎలా ఉంటుంది? మాట పుట్టుక కూడా ఇంటిపేరులాంటిదే. ఎక్కడినుంచి వచ్చిందో చెబుతుంది. ఇప్పుడేం చేస్తోందో చెప్పదు. అది తెలియాలంటే ఆ మనిషి ఎవరితో తిరుగుతున్నాడో, ఏ వీధిలో కనబడుతున్నాడో చూడాలి.

అందుకని ఈ వారమంతా నేను టైపు కొట్టిన ప్రతి ఉత్తరంలోనూ ఆ మాట ఎవరి పక్కన కూర్చుంటోందో గమనించాను. (అవును, తీరిక చేసుకునే.) బేరగాళ్ళకు రాసిన ఉత్తరాల్లో ఉంది. రైలు వ్యాగన్ల ఉత్తరాల్లో ఉంది. “మేము మాన్యుఫ్యాక్చర్ చేసిన పెంకుల్లో ఏ రెండింటినైనా పక్కపక్కన పెట్టి చూడండి, తేడా ఉంటే వాపసు పంపండి” అని ప్రతి కొటేషన్లోనూ ఉంది.

ఇంకోటి విను. మా ఫోర్‌మన్ శ్రీరాములుగారు మేనేజరుగారి అబ్బాయికి మట్టితో ఒక ఏనుగు చేసి ఇచ్చారు. అదే మట్టి, అదే చెయ్యి, పెంకులు కాల్చిన బట్టీలోనే కాల్చారు. మేనేజరుగారు ఇంగ్లీషు తప్ప మాట్లాడరు కదా, దాన్ని అందరికీ చూపిస్తూ శ్రీరాములు ఏనుగును “మేడ్” అన్నారు. మాన్యుఫ్యాక్చర్డ్ అనలేదు. అని ఉంటే మేమందరం నవ్వేవాళ్ళం. ఎందుకు నవ్వేవాళ్ళమో ఆలోచించు. నీ జవాబు అక్కడుందనిపిస్తోంది.

ఇప్పుడు నా సంగతి. జూన్‌లో నీకు పుల్లవిరుపుగా రాశాను. నాన్న పోయి నేను ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ, నువ్వు రాసే కొత్త మాట ఒక్కొక్కటీ నాకు ముల్లులా గుచ్చుకునేది. ఈ వారం గుచ్చుకోలేదు. మేనేజరుగారి కంటే ముందే నాకు ఆ మాట వాసన తెలిసిపోతుంటే, నిజం చెప్పొద్దూ, గర్వంగా ఉంది.

గౌరి


ఆర్.కె. పురం
15 జూలై 1979

నా గుర్రాల గౌరీ,

నీ ఉత్తరం బాబాయికి చదివి వినిపించాను. గుర్రం దగ్గర ఆయన నవ్వారు. నోటీసు వచ్చాక ఆయన నవ్వడం ఇదే మొదలు.

నువ్వు చెప్పినట్టే చేశాను. పాత పేపర్లు కొనే కబాడీవాలా కోసం మంచం కింద కట్టలు కట్టి పెట్టిన ఇంగ్లీషు పేపర్లన్నీ విప్పి, ఆ మాట కనబడిన వాక్యమల్లా రాసుకున్నాను. పిన్ని కూడా పక్కన కూర్చుని, ఆ మాట ఆకారం గుర్తుపట్టి “ఇదిగోనే, ఇక్కడుంది నీ ముదనష్టపు మాట” అని చూపించేది. చక్కెర, సిమెంటు, సైకిళ్ళు, సబ్బులు, మందులు. అన్నీ ఎవరో తెలియనివాళ్ళు కొనుక్కోవడానికి చేసినవి. తనకోసం, తన పిల్లలకోసం చేసుకున్నదాని పక్కన ఆ మాట ఒక్కసారైనా కూర్చోలేదు. ఆదివారం వంటల పేజీ మొత్తం వెతికాను. కేకుంది, జామ్ ఉంది, పచ్చళ్ళున్నాయి. అన్నిచోట్లా మేక్. పాపం, అక్కడ ఇంకో మాటకి చోటే లేదు.

మనమెందుకు నవ్వేవాళ్ళమో ఇప్పుడు తెలిసింది. ఏనుగు ఒకటే. అది ఒక్క పిల్లాడిది.

బాబాయి మాత్రం క్షమాపణ కాగితం రాసి చొక్కా జేబులో పెట్టుకున్నారు. “నువ్వు చెప్పింది సబబుగానే ఉందమ్మా. కానీ ఆఫీసరు వినకపోతే ఇది తీస్తాను” అన్నారు.  ఇల్లు ఆయనది, ఉద్యోగం ఆయనది, తప్పు నాది.

పిన్ని నిన్న చెప్పులేసుకుని మూడిళ్ళకీ వెళ్ళొచ్చింది. అందరూ విచారణకి వస్తారట. వాళ్ళకి హిందీ సరిగా రాదు కాబట్టి నేను దుబాసీని. 

అరుంధతి


ఆర్.కె. పురం
20 జూలై 1979

గౌరీ! గౌరీ!

నిన్నటి సంగతి రాయకుండా అన్నం కూడా సహించేలా లేదు.

బస్సులో మేం ఆరుగురం. నలుగురాడవాళ్ళ ఒళ్ళోనూ తలా ఒక డబ్బా, గాలికి పోగా మిగిలిన అప్పడాలతో. ఎందుకివి అంటే, “ఆఫీసరు ఇంటికి వట్టి చేతుల్తో ఎలా పోతామే?” అన్నారు హనుమాయమ్మగారు. ఇల్లు కాదు ఆఫీసని, లంచం అనుకుంటారని నెత్తీనోరూ మొత్తుకున్నాను. వినలేదు.

ఆఫీసరు పెద్దాయన, అలిసిపోయిన మొహం. పక్కన టైపు మిషన్‌తో ఒక గుమాస్తా. ఎదురుగా మన ఇన్‌స్పెక్టరు. ఆఫీసరు పిన్నిని హిందీలో, మీరు అప్పడాలు చేస్తారా అని అడిగారు, “ఆప్ పాపడ్ బనాతీ హైఁ?”

నేను తెలుగులో చెప్పేలోగానే పిన్ని తల ఎత్తి, “బనాతీ హూఁ. హర్ సాల్” అంది.

ఆయన గుమాస్తా వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పారు, ప్రతి సంవత్సరం పాపడ్లు మాన్యుఫ్యాక్చర్ చేస్తున్నట్టు ఈవిడ ఒప్పుకున్నారు అని. మిషన్ టకటకలాడింది. బాబాయి చెయ్యి చొక్కా జేబులోకి వెళ్ళింది.

నేను లేచి నిలబడ్డాను. 

“క్షమించండి సార్. ఆవిడ ఆ మాట అనలేదు.”

“బనాతీ హూఁ అనలేదా?”

“అన్నారు సార్. మీరు రాయించిన మాట అనలేదు. పొద్దున మీ ఇంట్లో చపాతీలు చేశారా సార్?”

ఆయన ఆశ్చర్యపోయి “చేశారు” అన్నారు.

“ఎవరు మాన్యుఫ్యాక్చర్ చేశారు?”

టైపు మిషన్ ఆగిపోయింది. గుమాస్తా కిసుక్కుమన్నాడు, వెంటనే దగ్గినట్టు నటించాడు. ఆఫీసరు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. అయిపోయాననుకున్నాను.

“మా ఆవిడ ఈ మాట వింటే ఇవాళ నాకు రాత్రి భోజనం ఉండదు” అన్నారాయన. “కానీ అమ్మాయీ, ముందు పంపిన జవాబులో చేతితో చేయడమే దీని అర్థమని రాసి ఉంది. ఎవరు రాశారు?”

“నేనే సార్. అది ఆ మాట పుట్టిన ఊరు. అదిప్పుడు ఆ ఊళ్ళో ఉండటం లేదు. మీరు అడిగింది ఇప్పటి ఇంటి అడ్రసు. నేను పాత అడ్రసు ఇచ్చాను.”

ఆ తరవాత పేపర్ల నుంచి రాసుకున్న వాక్యాలు చదివాను. చక్కెర, సిమెంటు, సబ్బులు. మీ శ్రీరాములుగారి ఏనుగునీ చెప్పాను. అంతా విని ఆయన, “మాటలు బాగున్నాయి. చపాతీలు నాలుగు, ఇన్‌స్పెక్టరు చూసినవి వందలు. అవి నాలుగిళ్ళవని నువ్వంటున్నావు. ఒక్క కంపెనీ సరుకు అని ఆయన అంటున్నాడు. నా ఫైలుకి రుజువేది?” అన్నారు.

నా దగ్గర రుజువు లేదు. అదే తెలుగులో చెప్పాను. 

“రుజువెందుకు లేదూ?” అంది పిన్ని. “చెప్పవే ఆయనకి. ఫ్యాక్టరీవైతే అన్నీ ఒక్కలాగే ఉంటాయి కదా. ఈ నాలుగు డబ్బాలూ బల్ల మీద కుమ్మరించి కలిపెయ్యమను. ఎవరివి వాళ్ళం ఏరుకుంటాం.”

గౌరీ, కొటేషన్లో మీ కంపెనీ రాసిన వాక్యమే కదే ఇది! మా పిన్నికి నీ ఉత్తరంలో గుర్రం ఒక్కటే వినబడిందనుకున్నాను.

గుమాస్తా పేపరు పరిచాడు. ఇన్‌స్పెక్టరే తన చేత్తో అప్పడాలన్నీ పేకముక్కల్లా కలిపాడు. చూడటానికి నాకైతే అన్నీ ఒకటే. నలుగురూ కొంగులు దోపి బల్ల చుట్టూ చేరారు. ఇక ఆఫీసు లేదు, ఆఫీసరు లేడు. మళ్ళీ మా మేడే.

“ఈ మిరియం పలుకులవి నావి.”

“జీలకర్ర కనబడతలేదా వదినా, గది నాది. చెయ్యి తియ్యి.”

“నీ పిండిలో కారం ఎక్కువ, ఎర్రగా లేదూ? ఇదిగో, పట్టుకుపో.”

ఒక్కదాని దగ్గర మాత్రం పిన్నీ, నాగేంద్రమ్మగారూ పేచీ పడ్డారు. నాదంటే నాదని. నా పైప్రాణాలు పైనే పోయాయి. నాగేంద్రమ్మగారు అంచు విరిచి నోట్లో వేసుకుని, “ఇంగువ. నీదే తీసుకో తల్లీ, మేమింత ఇంగువ తినము” అని పిన్ని కుప్ప మీద పడేశారు. నాలుగు కుప్పలయ్యాయి. ఆఫీసరు ఒక్కో కుప్పనీ వెలుతురుకి పట్టి చూశారు. పక్కపక్కన పెడితే పసివాడికైనా తేడా తెలిసిపోతుంది. ఆయన ఇన్‌స్పెక్టరుని పిలిచి, రెండు కుప్పలు మళ్ళీ కలిపి “ఇప్పుడు నువ్వు విడదియ్యి” అన్నారు. ఇన్‌స్పెక్టరు ఒకటి తీసి అటు పెట్టి, ఇటు పెట్టి, చివరికి చేతులెత్తేశాడు.

“సాబ్, వదిలేస్తే ఆ రోజు నా మొహాన పడింది ఎవరిదో కూడా చెప్పేలా ఉన్నారు వీళ్ళు” అన్నాడు.

నేను అది తెలుగులో చెప్పగానే కాంతమ్మగారు జాలిగా, “నాదే అయ్యుంటది. మందంగ ఉంటది గద. దెబ్బ తాకిందా బిడ్డా?” అన్నారు. అది హిందీలోకి మార్చేటప్పుడు నాకు నవ్వాగలేదు.

ఆఫీసరు బాబాయిని అడిగారు, మీరేమైనా చెప్పుకుంటారా అని. బాబాయి లేచారు. చెయ్యి ఇంకా జేబు దగ్గరే ఉంది. పిన్ని ఆయన్ని చూడలేదు, తన కుప్ప సర్దుకుంటోంది.

“ఏమీ లేదు సార్” అన్నారు బాబాయి. “మా ఇంట్లో ఏ తప్పూ జరగలేదు. అంతే.”

చెయ్యి ఖాళీగా కిందికి దిగింది.

ఆర్డరు పోస్టులో పంపుతామన్నారు. ఏం రాస్తారో తెలియదు. అయినా తిరిగొచ్చేటప్పుడు బస్సులో నలుగురూ కండక్టరుకి కూడా వినబడేంత గట్టిగా నవ్వుకున్నారు. అందులో సగం నవ్వు నీది.

అరుంధతి


రాజమండ్రి
18 ఆగస్టు 1979

అరూ,

ఆర్డరు వచ్చిందా? మా అమ్మ రోజూ పోస్టుమేన్ని నీ పేరు పెట్టి అడుగుతోంది. ఫ్యాక్టరీలో శ్రీరాములుగారికి తన ఏనుగు ఢిల్లీ కచేరీ దాకా వెళ్ళిందని చెప్పాను. నమ్మలేదు. నీ ఉత్తరం చూపిస్తే భోజనాల వేళ అందరికీ చదివి వినిపించమన్నారు. బట్టీ దగ్గర నిలబడి చదివాను. చపాతీల దగ్గర ఒకాయన తాగుతున్న మజ్జిగ బయటికి వచ్చింది.

నా కబురు ఒకటుంది. బి.ఏ. పరీక్షకి ప్రైవేటుగా కడుతున్నాను. స్పెషల్ ఇంగ్లీషు. దరఖాస్తు నేనే టైపు కొట్టాను, ఒక్క తప్పు లేకుండా. చదవడానికి పొద్దున్నే లేస్తున్నాను. మాటలు వీధిలో ఎవరితో తిరుగుతున్నాయో చూసే అలవాటు అబ్బింది కదా, ఇక పుస్తకాల్లో కూడా చూడాలనిపించింది. నువ్వు ఎం.ఏ.లో చేరేనాటికి నిన్ను పట్టుకుంటాను. కాస్త నెమ్మదిగా నడువు. లేదా నడవకు, నేనే పరుగెత్తుకొస్తాను.

గౌరి


ఆర్.కె. పురం
30 సెప్టెంబరు 1979

బి.ఏ. స్పెషల్ ఇంగ్లీషు గౌరికి,

నీ కబురు చదివి నేనూ పిన్నీ వంటింట్లో గంతులేశాం. ఇల్లు ఊగిందని కిందివాళ్ళు పైకి చూసి ఉంటారు. ఇల్లు అన్నాను, చూశావా. మా ఇల్లే. ఆర్డరు వచ్చింది.

బాబాయి ఆఫీసు నుంచి వచ్చి, నిలబడే కవరు చించారు. ఒకసారి లోపల చదువుకుని, మిగతా ముగ్గురినీ పిలవమన్నారు. అందరూ వచ్చి కూర్చున్నాక పైకి చదివారు. నాలుగు కుటుంబాలు తమ ఇంటి అవసరానికి ఎవరి సరుకుతో వారు అప్పడాలు చేసుకోవడం మాన్యుఫ్యాక్చర్ అనిపించుకోదు, కేటాయింపు యథాతథంగా కొనసాగుతుంది, చర్యలు విరమించడమైనది. ఆయన ఇంగ్లీషులో చదవడం, నేను తెలుగులో చెప్పడం. “విరమించడమైనది” అనేసరికి హనుమాయమ్మగారు పిన్నిని వాటేసుకున్నారు.

కాంతమ్మగారికి మాత్రం ఒక సందేహం మిగిలిపోయింది.

“అయితే మనం జేసినదాన్ని ఇంగ్లీషుల ఏమంటరు బిడ్డా?”

“మేక్ అంటారు ఆంటీ.”

“గంతేనా? గింత చిన్న మాటకా మనం గంత దూరం బస్సుల వోయింది!”

చిన్న మాటే గౌరీ. కానీ డిక్షనరీలో దానికి ఎన్ని పేజీలున్నాయో తెలుసా? పెద్ద మాటకి అరపేజీ కూడా లేదు. కాపురం పెట్టినా, స్నేహం చేసినా, పక్క సర్దినా, టీ పెట్టినా, ఒక నిర్ణయానికి వచ్చినా ఆ చిన్నదే వచ్చి నిలబడుతుంది. ఈసారి వేళ్ళు తవ్వలేదు. ఎవరెవరితో తిరుగుతోందో వరసగా చదువుకుంటూ పోయాను. తెల్లవారేలోగా అవుతుందనుకున్నాను, సగం కూడా కాలేదు.

ఇవాళ ఆదివారం. వానలు వెనకబట్టి మంచి పొడి ఎండ కాస్తోంది. మే నెలలో ఎగిరిపోయినవాటి బదులు మళ్ళీ ఒత్తుకోవడానికి అందరి పిండీ సిద్ధం. అందరికంటే ముందు లేచింది ఎవరనుకున్నావు? బాబాయి. నోటీసు వచ్చినప్పటి నుంచీ ఆయన మెట్ల మీద ఎవరైనా ఎదురైతే తల వంచుకుని పోయేవారు. ఇవాళ కాంతమ్మగారింటికి తానే వెళ్ళి, ఆవిడ పీటా కర్రా అడిగి తీసుకుని భుజాన పెట్టుకుని, అందరూ ఎండకి కుర్చీలేసుకుని కూర్చున్న లాన్ మధ్యలోంచి నడిచొచ్చారు. కింద ఇంటి మల్హోత్రాగారు పేపరు దించి, “అరే నాగభూషణ్ సాబ్, యే క్యా లే జా రహే హైఁ?” అని, ఏం మోసుకెళ్తున్నారో అడిగారు.

నేను మేడ పైనుంచి చూస్తున్నాను. బాబాయి ఆగారు. పీట ఇంకో భుజానికి మార్చుకున్నారు. తరవాత, మా ఇంట్లో ఎవరమూ ఎన్నడూ వినని గొంతుతో, బ్లాకు బ్లాకంతా వినబడేలా ఆయన్ని పైకి రమ్మని పిలిచారు.

“హమారే ఘర్ పాపడ్ బన్ రహే హైఁ, మల్హోత్రా సాబ్! ఊపర్ ఆయియే!”

నీ
అరుంధతి